బహుధాన్యపురం నుంచి శక్కర్‌నగర్ దాకా: ఇందూరు – బోధన్ ప్రాంతపు ఇంటి భోజనంలో కూడు, కూర – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

నిజామాబాద్ పట్టణం, బోధన్ చెరకు ప్రాంతం గత నూరేళ్ళలో మెట్టపంటల నేల నుంచి కాలువ కింది వరి, చెరకు సీమగా మారాయి. ఈ మార్పు ఇంటి భోజనంలో ధాన్యానికీ కూరకూ ఉన్న సంబంధాన్ని ఎలా ప్రభావితం చేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందుకు పదచరిత్ర, కావ్యసాక్ష్యం, నీటిపారుదల చరిత్ర, పోషకాహార పరిశోధనలు ఆధారాలు. పాత భోజనం మేలిమి ఒక్క జొన్నలో లేదు. ధాన్యం, పప్పు, ఆకుకూర, పులుపు ఒకే చేను, ఒకే పెరడు నుంచి కలిసి కంచంలోకి రావడంలో ఉంది. ఆ కలయికకు భూమి, స్త్రీల శ్రమ ఆధారంగా నిలిచాయి. అవి లోపించిన ఇళ్ళలో జొన్న కూడా ఆరోగ్యాన్ని కాపాడలేకపోయిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: జొన్న, గటక, కూర, పెరడు, నిజాంసాగర్, శక్కర్‌నగర్, ఆముక్తమాల్యద, క్రీడాభిరామము, పెల్లాగ్రా.

1. ప్రవేశిక

షోడశ మహాజనపదాలలో ఒకటైన అశ్మకానికి రాజధానిగా పేర్కొనే పోదనమే నేటి బోధన్ అని చరిత్రకారులు గుర్తించారు. పంపకవి విక్రమార్జున విజయంలో వేములవాడ చాళుక్యుల ప్రశస్తితో పాటు ఈ పట్టణం ప్రస్తావన కూడా వస్తుంది. స్థానిక సంప్రదాయం దీనికి బహుధాన్యపురమనే మరో పేరు చెబుతుంది. ఈ పేరు పోదన శబ్దానికి తర్వాతివారు కల్పించిన సంస్కృత రూపం కావచ్చు. అయినా చుట్టుపక్కల నేల స్వభావాన్ని అది చక్కగా పట్టుకుంది. మంజీర, గోదావరుల నడుమనున్న ఈ నల్లరేగడి, ఎర్రచెల్క భూముల్లో జొన్న, సజ్జ, కొర్ర, తైద, కంది, పెసర, అనుము, నువ్వు కలసి పండేవి. చెరువుల కింద కొద్దిపాటి వరి, బావుల కింద కొంత చెరకు ఉండేవి.

1930ల తర్వాత అదే బోధన్ పక్కన శక్కర్‌నగర్ వెలసింది. బహుధాన్యపురం, శక్కర్‌నగర్ అనే రెండు పేర్లలో మొదటిది అనేక ధాన్యాలను చెబితే, రెండవది ఒకే పంట నుంచి వచ్చే ఒకే వస్తువును చెబుతుంది. ఈ రెండింటి నడుమ ఇంటి కంచంలో జరిగిన మార్పు ఈ వ్యాసానికి విషయం.

తెలంగాణ సామాజిక చరిత్ర రచనలో భూమి, వెట్టి, లెవీ, పోరాటాలు విస్తృతంగా చర్చకు వచ్చాయి. వంటగది చరిత్ర మాత్రం ఎక్కువగా జ్ఞాపకాల స్థాయిలోనే మిగిలింది. కావ్యాలను సాంఘిక చరిత్రకు ఆకరాలుగా చదివే పద్ధతిని సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) స్థిరపరచింది. ఆ గ్రంథంలో ఆహారానికి దక్కిన స్థానం ఈ దిశలో ఇంకా చేయవలసిన పనిని గుర్తుచేస్తుంది. ఇటీవల చిరుధాన్యాల పట్ల పెరిగిన ఆసక్తి ఈ అవసరాన్ని మరింత పెంచింది. గతం గురించి సరైన అవగాహన లేకుండా గతానికి తిరిగి వెళ్ళమనే పిలుపు అసంపూర్ణమవుతుంది.

2. కూడు, కూర, అన్నం: మాటలు చెప్పే చరిత్ర

తెలుగులో భోజనానికున్న ప్రాచీన పదాల్లో కూడు ఒకటి. దీనికి సోదర పదమైన తమిళ కూழ్ శబ్దానికి జావ, గంజి అని అర్థం. దీన్నిబట్టి కూడు మొదట నీటిలో ఉడికించిన చిక్కని ధాన్యపు వంటకాన్ని సూచించి ఉండవచ్చు. నేటి అంబలి, గటక, సంకటి ఆ కోవకు చెందినవే. పూటకూళ్ళు అన్న సమాసంలో ఈ పదం సాధారణంగా భోజనం అన్న అర్థంలో నిలిచింది. కాలక్రమంలో కూడు అనే మాట గౌరవం కోల్పోయింది. ‘కూటికి లేనివాడు’ అన్న ప్రయోగంలో అది పేదరికానికి గుర్తుగా మారింది.

అన్నం చరిత్ర ఇందుకు విరుద్ధంగా సాగింది. సంస్కృతంలో అన్నమంటే తినదగినది, ఆహారం. తెలుగు వ్యవహారంలో ఆ మాట క్రమంగా వండిన వరిబియ్యానికి పరిమితమైంది. ఇతర ధాన్యాలతో చేసినప్పుడు జొన్నన్నం, కొర్రన్నం అని విశేషణం చేర్చవలసి వస్తుంది. వరికి మాత్రం ఆ అవసరం లేదు. ఒక ధాన్యం పేరు చెప్పకుండానే ఆహారానికి పర్యాయమవడం దాని సామాజిక ఆధిపత్యానికి భాషాపరమైన సాక్ష్యం. కాలువనీరు రాకముందే వరికి ఈ గౌరవం ఉంది. అందువల్ల నిజాంసాగర్ వరి మీద మోజును కొత్తగా పుట్టించలేదు. అప్పటికే ఉన్న కోరికను అందుబాటులోకి తెచ్చింది.

కూర అన్న మాట మరో దారి చూపుతుంది. తోటకూర, పాలకూర, చుక్కకూర, బచ్చలికూర, పుంటికూర, చెంచలికూర అన్న పేర్లలో కూరకు ఆకు అని అర్థం. వంకాయకూర, బీరకాయకూర అన్నప్పుడు అదే మాటకు వండిన వ్యంజనం అని అర్థం. ఒకే పదం మొక్కకూ వంటకూ చెల్లడం తెలుగు వంటలో ఆకుకున్న మౌలిక స్థానాన్ని సూచిస్తుంది. తోటకూర అన్న పేరులో తోట స్పష్టంగానే ఉంది. ఇంటి పక్క తోటలోని ఆకు వంటగదిలో వంటకం పేరయింది. కూడు పొలానిది, కూర పెరటిది. ఈ జంట తెగిపోవడమే తర్వాతి చరిత్ర సారాంశం.

ఈ పదజాలంలో ప్రాంతీయ భేదాలు కూడా గమనించదగినవి. కోస్తాలో గోంగూర ఇక్కడ పుంటికూర. అక్కడి రాగులు, చోళ్ళు ఇక్కడ తైదలు. అక్కడి మొక్కజొన్న ఇక్కడ మక్క. అక్కడి పచ్చడికి ఇక్కడ తొక్కు అన్న మాట ఉంది. నిజాంసాగర్ ఆయకట్టుకు కోస్తా రైతులు వచ్చి స్థిరపడిన తర్వాత ఈ రెండు పదజాలాలూ ఒకే అంగడిలో పక్కపక్కన వినిపించసాగాయి. పడమటి అంచున మద్నూర్, బిచ్కుంద, జుక్కల్ వైపు మరాఠీ, కన్నడ భాషలు కూడా కలుస్తాయి. అక్కడ జొన్నరొట్టె మూడు భాషల ఉమ్మడి ఆహారం.

3. కావ్యాల్లో కనిపించే రెండు విస్తళ్ళు

ధాన్యం, కూరల జంటకు ప్రాచీన సాహిత్యంలో బలమైన సాక్ష్యం శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో వర్షర్తు వర్ణనలో ఉంది. ముసురు పట్టిన వేళ పల్లెలోని రెడ్లు తినే తిండిని కవి అక్కడ వర్ణించాడు. దంచిన ఆరికలతో వండిన అన్నం, దానికి తోడు గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, చింతచిగురు కలిపి నూనెతో వండిన పొరటు. ఇవేవీ అంగడి సరుకులు కావు. వానకు చేలగట్ల మీద, పెరళ్ళలో మొలిచే ఆకులివి. ఈ జాబితాలోని గురుగు అన్న పేరు బతుకమ్మలో పేర్చే గునుగును తలపిస్తుంది. చెంచలికూర, తుమ్మికూర, చింతచిగురు ఇందూరు పల్లెల వంటల్లో నేటికీ పరిచితమైనవే. కావ్యం పుట్టిన చోటు విజయనగరమైనా, అందులోని పళ్ళెం దక్కను మెట్టసీమ అంతటికీ చెందుతుంది.

ఈ వర్ణనలో గమనించవలసింది భోజనం నిర్మాణం. అందులో నాలుగు అంగాలున్నాయి: పైపొట్టు మాత్రం తీసిన ముతక ధాన్యం, ఆకు, పులుపు, నూనె. తెలంగాణ ఇంటిలోని జొన్నగటక, పుంటికూర పప్పు, పచ్చిపులుసు కలయికలో ఇదే నిర్మాణం మరికొంత విస్తరించి కనిపిస్తుంది. పప్పు అదనంగా చేరింది. పుంటికూరలో ఆకు, పులుపు రెండూ ఒకే మొక్కలో దొరుకుతాయి.

దీనికి ఎదురుగా క్రీడాభిరామంలోని విస్తరి ఉంది. ఓరుగల్లు పూటకూళ్ళింట ఒక రూకకు దొరికే భోజనంలో మేలురకం వరి అన్నం, గోధుమపిండి వంటకం, పెసరపప్పు, పంచదార, అరటిపండ్లు, నెయ్యి, పెరుగు, నంజుళ్ళు ఉన్నాయి. ఇది డబ్బిచ్చి కొనే నగర భోజనం. పంచదార ఇందులో గుప్పెడు మాత్రమే అయినా విశేషంగా చెప్పదగిన వస్తువు. ఈ సౌఖ్యాన్ని చెప్పే కావ్యానికీ, ఆరికల అన్నాన్ని చెప్పే కావ్యానికీ మధ్య ఉన్న దూరం రుచికి సంబంధించినది మాత్రమే కాదు. పల్లె విస్తరిలో ఉన్నది చేను. పట్నం విస్తరిలో ఉన్నది అంగడి.

జొన్నతిండిని ఎత్తిపొడిచే పలనాటి చాటువులు శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్నాయి. అవి ఆయనవే అయినా కాకున్నా, సన్నన్నానికి అలవాటుపడిన ఆస్థాన సంస్కృతి జొన్నను ఎలా చూసిందో చెబుతాయి. దక్కను సమాజంలో జొన్న ఎక్కువమంది తిండి అయినా సాహిత్యంలో తక్కువ గౌరవం పొందింది. రాయలు ఆరికల అన్నాన్ని వెక్కిరింపు లేకుండా, వానకాలపు వెచ్చదనంలో భాగంగా చూపడం అందువల్లనే విలువైన మినహాయింపు.

4. చేను నుంచి కంచం దాకా

మెట్టసేద్యంలో ధాన్యం ఒంటరిగా పెరగదు. జొన్నసాళ్ళ మధ్య కంది, పెసర, అనుము వేయడం, చేనుగట్టున పుంటికూర, నువ్వు చల్లడం దక్కను రైతుకు తరతరాల అలవాటు. జొన్న కోతకు వచ్చాక కంది పెరుగుతుంది. ఒకటి దెబ్బతిన్నా మరొకటి నిలుస్తుంది. పప్పుజాతి మొక్కల వేళ్ళు నేలకు నత్రజనిని అందిస్తాయి. పంటల మధ్య మొలిచే కలుపులో కొంత పశువులకు, కొంత కూరకు పనికివస్తుంది. కలుపు తీయడానికి వెళ్ళిన స్త్రీ ఒడిలో ఆకుతో తిరిగి రావడం ఈ వ్యవస్థలో భాగం. ఒక చేను నుంచే కూడు, పప్పు, కూర, నూనె నాలుగూ వచ్చేవి.

మిగిలిన లోటును పెరడు తీర్చేది. బావి దగ్గర, జాలారి నీళ్ళు పారే చోట తోటకూర, బచ్చలి మళ్ళు ఉండేవి. గుడిసె కప్పు మీదికి సొరతీగ, దడి మీదికి బీర, చిక్కుడు, కాకర తీగలు పాకేవి. ఒక పక్క నాలుగు వంగ, మిరప మొక్కలు, ఒక కరివేపాకు, ఒక మునగ ఉండేవి. వీటికి ప్రత్యేకించి నీరు పెట్టే పని లేదు. ఇంటిలో వాడిన నీరే సరిపోయేది. ‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అన్న సామెత చేతికందేదానికి దొరకని గౌరవాన్ని చెబుతుంది. లెక్కల్లోకి రాని పెరటి సేద్యానికీ ఆ మాట వర్తిస్తుంది. శిస్తు లెక్కలు పొలాన్ని చూశాయి. పెరటిని చూడలేదు.

ధాన్యం వాడకంలో కాలభేదం ఉండేది. వానకాలపు పచ్చజొన్న గటకకు, సంకటికి నప్పుతుంది. యాసంగిలో నల్లరేగడిలో పండే తెల్లజొన్న రొట్టెకు మేలు. గటకకు జొన్నలను రవ్వగా విసరి, మరిగే నీటిలో పోసి, కలియబెడుతూ చిక్కబడేదాకా ఉడికిస్తారు. మజ్జిగతో, పచ్చిపులుసుతో, పప్పుతో తింటారు. రొట్టె పని వేరు. జొన్నపిండికి గోధుమపిండిలాంటి సాగుడు గుణం లేదు. అందువల్ల వేడినీళ్ళతో కలిపి, అరచేతితో తట్టి, పెనం మీద వేసి, పైన తడి చేయి రాసి కాల్చాలి. తర్వాత నిప్పుల మీద పొంగించాలి. రెండు పద్ధతుల్లోనూ గింజ పైపొరతో సహా కడుపులోకి వెళుతుంది.

బతుకమ్మ పండుగ ఈ భోజన వ్యవస్థకు ఆచార రూపం. చేలల్లో, బీళ్ళలో పూసే గునుగు, తంగేడు పూలతో పేర్చిన బతుకమ్మకు సద్దులు నైవేద్యమవుతాయి. రొట్టెను నలిపి బెల్లం కలిపిన మలీద వాటిలో ముఖ్యమైనది. ముతక ధాన్యం, బెల్లం కలసిన ఈ తీపి పదార్థంలో చక్కెరకు చోటు లేదు.

ఈ చిత్రాన్ని అందరి ఇళ్ళకూ ఆపాదించడం సరికాదు. సొంత చేను, పెరడు ఉన్న కాపు ఇంటిలో నాలుగు అంగాలూ సమకూరేవి. భూమి లేక కైకిలికి పోయే కుటుంబానికి కూలిగా జొన్నలు కొలిచి ఇచ్చేవారు. పప్పు, నూనె, పాడి వాటితో పాటు వచ్చేవి కావు. అలాంటి ఇంటిలో గటకకు తోడు కారం, ఉప్పు, దొరికితే ఆకు. వరి అన్నం పండుగలకో పెళ్ళిళ్ళకో పరిమితం. ఒకే జొన్న రెండు ఇళ్ళలో రెండు రకాల భోజనమయింది.

5. నిజాంసాగర్, శక్కర్‌నగర్

మంజీర నదిపై అచ్చంపేట వద్ద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. రూపకర్త హైదరాబాద్ రాజ్య ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2.75 లక్షల ఎకరాల సాగు లక్ష్యంగా తవ్విన కాలువలు బాన్సువాడ, వర్ని, బోధన్ ప్రాంతాల మీదుగా నిజామాబాద్ వైపు సాగాయి. కొత్త నీటికి తగిన సేద్య అనుభవం కోసం కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. వారి నివాసాలు నేటికీ క్యాంపులన్న పేరుతో నిలిచి ఉన్నాయి. వారితో దమ్ము సేద్యం, వరి రకాలు, మూడు పూటలా వరి అన్నం తినే అలవాటు వచ్చాయి.

1937లో బోధన్ వద్ద నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైంది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరుపొందిన ఈ సంస్థకు వేల ఎకరాల సొంత చెరకు తోటలుండేవి. జానకంపేట నుంచి బోధన్‌కు వేసిన రైలుమార్గం చక్కెరను దేశమంతటికీ చేర్చింది. శక్కర్‌నగర్‌లో క్వార్టర్లు, బడి, ఆసుపత్రి వెలిశాయి. నెలజీతమన్న కొత్త జీవనాధారం ఏర్పడింది. ఈ మార్పు వేలాది కుటుంబాలకు భద్రతనిచ్చింది. దానిని తక్కువచేసి చూడటం చరిత్రకు న్యాయం కాదు.

భోజనం దృష్టితో చూస్తే ఈ రెండు నిర్మాణాలు మూడు మార్పులు తెచ్చాయి. మొదటిది, చేనులో కలయిక తెగిపోవడం. నీరు నిలిచే వరిమడిలో కంది పెరగదు. దాదాపు ఏడాది పాటు నేలను ఆక్రమించే చెరకు తోటలో జొన్నకు చోటులేదు. మెట్టచేను ఇచ్చిన నాలుగు అంగాల్లో ఒకటి మాత్రమే వరిమడి ఇస్తుంది. చెరకుతోట ఒక్కటీ ఇవ్వదు. రెండవది, కూలి రూపం మారడం. జొన్నలు కొలిచే చోట రూపాయలు వచ్చాయి. రూపాయలతో అంగడిలో బియ్యం కొనవచ్చు. పప్పు, కూర కూడా కొనవలసిందే. మూడవది, తీపి మారడం. క్రీడాభిరామంలో గుప్పెడుగా మురిపించిన పంచదార చాయ రూపంలో ఉదయపు అంబలి స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది.

1963లో జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. శ్రీరాంసాగర్‌గా రూపొందిన ఆ ప్రాజెక్టు గోదావరి నీటిని కాలువలకు మళ్ళించి వరిసాగును ఇంకా విస్తరింపజేసింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించింది. దానితో వరి అన్నం మొదటిసారి పేదయింటికి ప్రతిపూటా అందింది. ఆకలి చరిత్రలో ఇది పెద్ద ముందడుగు. శతాబ్దాలుగా పండుగనాటి అన్నంగా ఉన్నది రోజువారీ హక్కయింది. అదే సమయంలో ఆ బియ్యం మిల్లులో తవుడు పోయిన తెల్లబియ్యం. దానితో పాటు కంది గానీ ఆకు గానీ తనంతట రాలేదు.

6. ఇసుర్రాయి, గిర్ని: స్త్రీల శ్రమ కోణం

జొన్న నుంచి వరికి మారడాన్ని రుచి, హోదా, నీటి లభ్యతలతో మాత్రమే వివరించలేం. వంటగదిలోని శ్రమ మరో ముఖ్య కారణం. జొన్నలను నిత్యం విసరాలి. పిండి నిలవ ఉంటే చేదెక్కుతుంది. ఇంటిల్లిపాదికీ చాలినంత రవ్వ, పిండి కోసం కోడికూతకు ముందే ఇసుర్రాయి ముందు కూర్చోవలసి వచ్చేది. ఆ తర్వాత ఒక్కొక్క రొట్టె తట్టాలి. తినేవారి వరుసలో చివరిది వండిన స్త్రీ. తెలుగు జానపద గేయ సాహిత్యంలో విసురు పాటలు, దంపుడు పాటలు ఒక పెద్ద విభాగంగా నిలవడానికి ఈ శ్రమే మూలం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు జానపద గేయాలపై చేసిన పరిశోధన శ్రమగేయాలకు విద్యారంగంలో స్థానం కల్పించింది. ఆ పాటలను సాహిత్యంగా చదివినట్లే ఆహారచరిత్రకు ఆకరాలుగానూ చదవవచ్చు. పాట ఉన్నచోట గంటల తరబడి చాకిరి ఉంది.

గిర్ని వచ్చి విసిరే పని తగ్గింది. బియ్యం మిల్లు వచ్చి దంచే పని పోయింది. ఎసట్లో పోసి దించే అన్నం ముందు గటక, రొట్టె నిలవలేకపోయాయి. ఈ మార్పును స్త్రీలు నష్టంగా చూసి ఉంటారనుకోవడానికి ఆధారం లేదు. వారికి అది తెల్లవారుజామున దక్కిన నిద్ర. అందువల్ల సంపూర్ణ ధాన్యాల పునరుద్ధరణ గురించి మాట్లాడేటప్పుడు ఆ పని ఎవరి చేతుల మీదుగా జరగాలన్న ప్రశ్నను దాటవేయరాదు. పెరటి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. విత్తనం దాచడం, పాదు చేయడం, పందిరికి తీగ పాకించడం లెక్కకు రాని స్త్రీల పనులు.

7. పోషకాహార పరిశోధన ఇచ్చే సాక్ష్యం

1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి వ్యాధిపై మొదలైన పరిశోధన దేశంలో పోషకాహార శాస్త్రానికి పునాది వేసింది. ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తవుడు పోయిన బియ్యం మీదనే ఆధారపడితే వచ్చే లోపాలు ఆ తొలి పరిశోధనల్లోనే బయటపడ్డాయి. ఈ సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు, 4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. మిల్లుబియ్యంలో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు, పీచు 3 గ్రాములు, ఇనుము ఒక మిల్లీగ్రాము కంటే తక్కువ. ఈ అంకెలు జొన్న పక్షాన బలంగా నిలుస్తాయి.

అదే సంస్థ నుంచి వచ్చిన మరో సాక్ష్యం ఇంత సూటిగా లేదు. హైదరాబాద్ పరిసర దక్కను ప్రాంతంలో జొన్నే ప్రధానాహారంగా బతికే పేదల్లో పెల్లాగ్రా కనిపించింది. చర్మం కమిలిపోయి, విరేచనాలు పట్టుకుని, చివరకు మతి చలించే వ్యాధి ఇది. ఐరోపాలో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మక్కపైనే బతికిన నిరుపేదల్లో ఇది విస్తరించింది. అది అంటువ్యాధి కాదనీ, ఆహారలోపం వల్ల వచ్చేదనీ అమెరికా వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించాడు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ దీనికి కారణం కావచ్చని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతయ్య 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణపై తర్వాత చర్చ సాగినా, జొన్న తప్ప మరేదీ అందని కంచం రోగానికి దారితీస్తుందన్న పరిశీలన నిలిచింది.

మక్క పుట్టిల్లయిన మెక్సికోలో ఈ వ్యాధి అంతగా లేకపోవడం గమనార్హం. అక్కడివారు మక్కలను సున్నపునీటిలో ఉడికించి, చిక్కుడుగింజలతో కలిపి తింటారు. ధాన్యం ఖండాంతరాలు దాటింది గానీ దానితో పాటు ఆ పద్ధతి దాటలేదు. దక్కనులో జొన్నకు తోడు కంది, పుంటికూర, మజ్జిగ ఉన్న ఇల్లు వ్యాధికి దూరంగా ఉండగలిగింది. కూలిజొన్నలు మాత్రమే దక్కిన ఇల్లు దానికి చేరువలో ఉండేది. పప్పు ధాన్యంలోని మాంసకృత్తుల లోటును పూరిస్తుంది. చింతపండు, పుంటికూరల్లోని ఆమ్లాలు ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడతాయి. ఆముక్తమాల్యదలోని ముసురునాటి పళ్ళెంలో ధాన్యం, ఆకు, పులుపు, నూనె కలిసి ఉండటం కవి కల్పనగా కాక జీవనానుభవం నేర్పిన కూర్పుగా కనిపిస్తుంది.

8. నేటి స్థితి

నిజాం చక్కెర కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తగ్గిన నేలలోకి వరి, సోయాచిక్కుడు వచ్చాయి. నిజాంసాగర్ జలాశయం పూడికతో తన తొలి సామర్థ్యంలో గణనీయమైన భాగాన్ని కోల్పోయింది. అయినా మెట్టపంటల కలయిక తిరిగి రాలేదు.

ఆర్మూర్ ప్రాంతపు ఎర్రజొన్న ఈ దశకు చక్కని ఉదాహరణ. అంకాపూర్ పరిసర గ్రామాల్లో జొన్న ఇప్పటికీ విస్తారంగా పండుతుంది. అయితే అది విత్తన వ్యాపారుల కోసం. ఉత్తర భారతంలో పశుగ్రాసం పెంచడానికి ఆ విత్తనం తరలుతుంది. దాని ధర కోసం ఆర్మూర్ రైతులు పలుమార్లు రోడ్డెక్కారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీచేశారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. జొన్న చుట్టూ ఇంత సంఘర్షణ జరుగుతున్నా ఆ జొన్న అదే ఊరి కంచంలోకి రాదు. సోయా నూనె మిల్లుకు, చెరకు గానుగకు, ఎర్రజొన్న ఇతర రాష్ట్రాల పశుశాలకు వెళతాయి. పంట ఉన్నచోటే పంటకూ కంచానికీ సంబంధం తెగడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తర్వాత నిజామాబాద్ వంటి పట్టణాల్లో జొన్నరొట్టెల అమ్మకం, చిరుధాన్యాల దుకాణాలు మరింత కనిపిస్తున్నాయి. రోడ్డు పక్కన రొట్టెలు చేసి అమ్మే స్త్రీలకు ఒకనాటి కూలి లేని చాకిరి ఇప్పుడు జీవనాధారమైంది. ఇది స్వాగతించదగిన మార్పు. అయితే చౌకబియ్యంతో పోలిస్తే జొన్నలు ఖరీదు. ఒకప్పటి పేదల తిండి మధ్యతరగతి ఆరోగ్య పథ్యంగా మారింది. దొరగారి వరి పేదకు, పేదవాని జొన్న స్థితిమంతునికి చేరాయి. రెండు సందర్భాల్లోనూ పెరడు మాత్రం ఎవరికీ దక్కలేదు. ఇరుకైన ఇళ్ళ స్థలాల్లో పాదుకు, పందిరికి చోటు లేదు. కలుపు మందులు చల్లిన చేలల్లో తుమ్మి, చెంచలి మొలవవు.

9. ముగింపు

ఇందూరు – బోధన్ ప్రాంతపు ఆహార చరిత్రను మేలైన గతం నుంచి చెడిన వర్తమానానికి జరిగిన పతనంగా చదవడానికి ఆధారాలు అంగీకరించవు. గతంలో సంపూర్ణమైన కంచం కొందరికే దక్కింది. మిగిలినవారికి జొన్న ఉన్నా జోడు లేదు. కాలువ, కర్మాగారం, చౌకబియ్యం ఆకలిని తగ్గించాయి. స్త్రీల చాకిరినీ తగ్గించాయి. వాటితో పాటే చేనుకూ పెరటికీ కంచానికీ ఉన్న ముడిని విప్పాయి.

కూడు, కూర అన్న రెండు పాతమాటలు ఆ ముడిని నేటికీ గుర్తుచేస్తున్నాయి. ఏ ధాన్యం తినాలన్న ప్రశ్న ఎంత అవసరమో, ఆ ధాన్యంతో పాటు పప్పు, ఆకు, పులుపు ఎక్కడ పెరుగుతాయన్నదీ, ఎవరి భూమిలో, ఎవరి శ్రమతో కంచంలోకి వస్తాయన్నదీ అంతే అవసరం. అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం వంటి పథకాల్లో చిరుధాన్యాలను చేర్చే ప్రయత్నాలకు ఈ చరిత్ర చెప్పేది ఒకటుంది. జొన్నను ఒంటరిగా అందిస్తే కైకిలి జొన్నల చరిత్రే పునరావృతమవుతుంది. కంది సాలు, పుంటికూర మడి, కూలి గిట్టే గిర్ని, రొట్టెల పనితో కలిపి అందించినప్పుడే బహుధాన్యపురం అన్న పేరుకు కంచంలో అర్థం ఏర్పడుతుంది. ఈ ప్రాంతపు విసురు పాటలు, సామెతలు, వంట పదాలు, పెరటి మొక్కల పేర్లను సేకరించి, మండలాలవారీగా నమోదు చేస్తే ఈ పరిశీలన మరింత పటిష్ఠమవుతుంది.